38వ కిలోమీటరు, 88వ కిలోమీటరు

సంక్రాంతి వెళ్లిన తర్వాతి వారం, శనివారం ఉదయం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా నేను చూసినన్ని పాదాలు నా ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. నేను ఫార్మసిస్టును. అత్తాపూర్‌లో ఒక మందుల దుకాణంలో కౌంటర్ వెనక నిలబడతాను. నా ముందుకు వచ్చేవాళ్లు నాకు నడుము పైనుంచే కనిపిస్తారు. చేతిలో చీటీ, ముఖంలో అలసట, అంతే. ఆ రెండు రోజులు మాత్రం నేల మీద పీట వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరి బూట్ల లేసులు విప్పుతూ, మనుషుల్ని కింది నుంచి పైకి చూశాను.

అది తలసేమియా అనే, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్న పిల్లల చికిత్స కోసం డబ్బు సేకరించే నడక. గండిపేట దగ్గర మొదలై, చిలుకూరు, మొయినాబాద్ వైపు పల్లె దారుల్లో తిరిగి, హిమాయత్‌సాగర్ పక్కగా వచ్చి మళ్లీ గండిపేటకే చేరే 50 కిలోమీటర్ల చుట్టు. ఒక చుట్టుతో ఆపేవాళ్లు వేరే ఉన్నారు. రెండు చుట్లు తిరిగి 100 కిలోమీటర్లు పూర్తి చేస్తామని పేరు ఇచ్చినవాళ్లు 68 మంది. నలుగురేసి చొప్పున 17 జట్లు. శనివారం తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరి ఆదివారం రాత్రి 9 గంటల లోపు చేరాలి. నడిచే ప్రతి ఒక్కరూ ముందే బంధువుల దగ్గరా, ఆఫీసులోనూ, తాముండే అపార్ట్‌మెంటులోనూ అడిగి విరాళాలు పోగు చేసుకుని రావాలి.

మాకు అప్పగించిన చోటు 38వ కిలోమీటరు దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాల ఆవరణ. కాగితాల మీద దాన్ని చెక్ పాయింట్ అని రాశారు కానీ మేం మొదటి నుంచీ విడిది అనే పిలుచుకున్నాం. రెండో చుట్టులో అదే చోటు 88వ కిలోమీటరు అవుతుంది. అంటే మధ్యాహ్నం చూసిన పాదాలనే, మరో యాభై కిలోమీటర్లు నడిచిన తర్వాత, అర్ధరాత్రీ తెల్లవారుజామునా మళ్లీ చూడాలి. మిగతా ఏ విడిదిలో పని వేసినా ఇంత కష్టమూ ఉండేది కాదు, ఇంత తృప్తీ ఉండేది కాదు.

నేనెందుకు వెళ్లానో చెప్పాలి. తలసేమియా మేజర్, అంటే ఆ జబ్బు తీవ్ర రూపం, ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. అది చాలామందికి తెలుసు. తెలియనిది ఆ తర్వాతి సంగతి. ఎక్కించే ప్రతి రక్తపు సంచితో పాటు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి చేరుతుంది. ఒంట్లో పేరుకున్న ఇనుమును బయటికి పంపే దారి మన శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో చేరి వాటిని పాడు చేస్తుంది. ఆ ఇనుమును లాగేసే మందు రోజూ వాడాలి, ఒక్కరోజు కూడా మానకూడదు. డెఫెరాసిరాక్స్ అనే మాత్ర అందులో ఒకటి. నా కౌంటర్ దగ్గరికి వచ్చి, చీటీలో నెలకు సరిపడా రాసి ఉన్నా, "ప్రస్తుతానికి పది రోజులకు ఇవ్వండమ్మా" అని అడిగే తండ్రులు ఉన్నారు. పది రోజుల తర్వాత వాళ్లు రాకపోతే ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవదు. రక్తం ఇచ్చేవాళ్లు దొరుకుతారు. ఈ మాత్రల ఖర్చు మాత్రం ఎవరి కంటికీ కనిపించదు. ఆ నడక డబ్బు ప్రధానంగా ఈ మందులకే వెళుతుందని తెలిసిన రోజే వాలంటీరుగా నా పేరు ఇచ్చాను.

ముందు ఆదివారం మాకు శిక్షణ ఇచ్చారు. ఈ రకమైన నడకలకు మూలం ఎక్కడుందో అక్కడే తెలిసింది. హాంగ్‌కాంగ్‌లో 1981లో గూర్ఖా సైనికులు తమ శిక్షణలో భాగంగా, విరాళాల సేకరణ కోసమూ, అక్కడి కొండ దారుల్లో 100 కిలోమీటర్లు నడిచారు. 1986 నుంచి దాన్ని మామూలు ప్రజలకు కూడా తెరిచారు. నలుగురు ఒక జట్టుగా నడవాలన్న నియమం అక్కడిదే. వేగంగా నడిచేవాడు నెమ్మదిగా నడిచేవాడి కోసం ఆగాలి. సైనికుల బుద్ధిలోంచి వచ్చిన నియమం కదా, గాయపడినవాణ్ని వదిలి రాకూడదన్నది అందులో ఇమిడే ఉందని నాకనిపించింది. మా నిర్వాహకులూ దాన్నే తీసుకున్నారు. ఆ నియమం గురించి మళ్లీ చెబుతాను.

మనకు మాత్రం నడక అనగానే గుర్తొచ్చేవి వేరు. మా ఇంటికి దగ్గరే శివరాంపల్లి. 1951లో అక్కడ జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వినోబా భావే వార్ధా వైపు నుంచి కాలినడకనే వచ్చారు. అక్కడి నుంచి మళ్లీ నడుస్తూ తెలంగాణ పల్లెల్లోకి వెళ్లి, ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఆగారు. ఆ ఊరి దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలని అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానం అలా మొదలైంది. ఇంకొకరి కోసం అడగడానికి వచ్చేవాడు నడిచి వస్తే అడిగిన మాటకు బరువు పెరుగుతుందని నేను గట్టిగా నమ్ముతాను. కారులో వచ్చి చందా అడిగినవాడికీ, నూరు కిలోమీటర్లు నడుస్తాను అని చెప్పి అడిగినవాడికీ మనం ఇచ్చే డబ్బులో కూడా తేడా ఉంటుంది.

ఇక మా అమ్మమ్మ. వాళ్లది ఆత్మకూరు, అప్పట్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి వేల మంది భక్తులు శ్రీశైలం మల్లన్న దగ్గరికి ఆ దారినే నల్లమలలోకి నడిచి వెళతారు. మా అమ్మమ్మ వీధి అరుగు మీద మజ్జిగ కుండ పెట్టేది. సాయంత్రం ఎవరైనా అరుగు మీదే పడుకుంటామంటే వేడినీళ్లు కాచి, ఉప్పు వేసి, కాళ్లు పెట్టుకోమనేది. తర్వాత అరికాళ్లకు ఆముదం. ఆమెకు కన్నడం రాదు. "నీరు, కాలు అన్న రెండు మాటలు వాళ్లకీ మనకీ ఒకటే, ఇంకేం కావాలి?" అనేది. విడిదిలో నా ముందు మొదటి జత బూట్లు వచ్చినప్పుడు నాకు ఆ అరుగే కళ్ల ముందు కనబడింది.

కానీ అమ్మమ్మ వైద్యం అక్కడ పనికిరాదని శిక్షణలోనే చెప్పారు. ఆ రాత్రికి పడుకునేవాడి కాళ్లకు వేడినీళ్లు హాయి. ఇంకా నడవాల్సినవాడి కాళ్లను నీళ్లలో నానబెడితే చర్మం మెత్తబడి, మరో గంటలో ఒలిచినట్టు లేచిపోతుంది. కాబట్టి మా పద్ధతి వేరు. బూటు విప్పాలి, మేజోడు తీయాలి, ఇసుక దులపాలి, పొడిగుడ్డతో వేళ్ల సందులు కూడా ఒత్తి తుడవాలి, గాలి తగలనివ్వాలి. ఎక్కడైనా ఎర్రగా కంది వెచ్చగా ఉంటే అక్కడ పొక్కు రాబోతోందని అర్థం. దాని మీద ముడతలు లేకుండా టేపు అంటించి, చుట్టూ వ్యాజిలైన్ రాసి, పొడి మేజోడు తొడగాలి. తేమ, వేడి, రాపిడి, ఈ మూడూ కలిస్తేనే పొక్కు పుడుతుంది. ఒక్కదాన్ని తగ్గించినా ఇంకో పది కిలోమీటర్లు నడుస్తారు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదటి జట్టు వచ్చింది. నలుగురూ పాతికేళ్ల లోపు కుర్రాళ్లు, గచ్చిబౌలిలో ఉద్యోగాలు. నీళ్లు తాగి, అరటిపండ్లు తీసుకుని, కూర్చోకుండానే వెళ్లిపోయారు. ఆ తర్వాత ఒంటిగంట నుంచి వరస కట్టారు. కొందరి పాదాలు నున్నగా ఉన్నాయి, నెలల తరబడి సాధన చేశారని తెలుస్తుంది. కొందరు ఆ నడక కోసమే కొత్త బూట్లు కొనుక్కుని వచ్చారు. వాళ్లను చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. కొత్త బూట్లతో ఇంత దూరం నడవకూడదని ఎవరైనా వాళ్లకు ముందే చెప్పాల్సింది. ఒకాయన కాలి గోళ్లు పొడుగ్గా ఉండి, దిగుళ్లలో బూటు ముందుకు గుద్దుకుని, రెండు బొటనవేళ్లూ అప్పటికే నల్లబడ్డాయి. నెయిల్ కట్టర్ నా సంచిలో ఉంది. చాలా మొహమాటపడ్డారు. "మా ఆవిడ కూడా ఎప్పుడూ తీయలేదండీ" అన్నారు. ఆయన వయసు మా నాన్న వయసు. "మా నాన్నకు నేనే తీసేదాన్ని, కాలు చాపండి" అన్నాను.

అదే మధ్యాహ్నం నేనొక తప్పు చేశాను. నాతో పాటు పనిచేస్తున్న డిగ్రీ పిల్లలకు ఓఆర్ఎస్ కలిపే పని ఇచ్చి, "ఒక సీసాకు ఒక ప్యాకెట్" అని చెప్పాను. నా మనసులో ఉన్నది లీటరు సీసా. వాళ్లకు ఇచ్చిన పెట్టెలో ఉన్నవి అర లీటరువి. రెండున్నర ప్రాంతంలో ఒకామె తాగి "ఇంత ఉప్పగా ఉందేమిటి?" అంటే, నేను రుచి చూసి అదిరిపడ్డాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం పెద్ద ప్యాకెట్టును సరిగ్గా లీటరు నీటిలోనే కలపాలి. ఉప్పు, గ్లూకోజు ఆ పాళ్లలో ఉంటేనే పేగు నీటిని లోపలికి లాక్కుంటుంది. చిక్కగా కలిపితే మేలు చేయకపోగా దాహం పెంచుతుంది. మందులు ఇవ్వడం నా వృత్తి. కొలత చెప్పాల్సిన తీరులో చెప్పకపోవడం నా పొరపాటు. కలిపినదంతా పారబోయించి, అప్పటికే అది తాగిన పదకొండు మందిలో ఇంకా విడిదిలో ఉన్న వాళ్ల దగ్గరికి స్వయంగా వెళ్లి చెప్పి మంచినీళ్లు తాగించాను. వెళ్లిపోయిన ముగ్గురి కోసం తర్వాతి విడిదికి ఫోను చేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత ప్యాకెట్ల పక్కన అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "1 ప్యాకెట్ = 1 లీటరు = 2 సీసాలు" అని రాసి తగిలించాను.

ఆ పిల్లలు భయపడిపోయారు. వాళ్ల తప్పేమీ లేదని చెప్పి కూర్చోబెట్టి, ఆ ప్యాకెట్ కథ చెప్పాను. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి, నరాల్లోకి ఎక్కించే సెలైన్ అయిపోయినప్పుడు, దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి రోగుల చేత తాగించారు. ఆ నీళ్లను ఇచ్చింది ఎక్కువగా రోగుల పక్కనున్న బంధువులే. మరణాలు ఒక్కసారిగా తగ్గాయి. ఆయన 2022లో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. బతికుండగా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది! మేం ఆ మధ్యాహ్నం అట్టముక్క పక్కన నిలబడి చేస్తున్నది ఆయన చేసిన పనిలో చిన్న ముక్కే.

దీనికి ఎదురు చిక్కు కూడా ఒకటి ఉంది. చాలామందికి నీళ్లు ఎంత తాగితే అంత మంచిదన్న నమ్మకం. ఐదు గంటలప్పుడు వచ్చిన ఒక యువకుడి వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోయింది, తల తిరుగుతోందన్నాడు, వాంతి వచ్చేలా ఉందన్నాడు. దారి పొడవునా మంచినీళ్లు తప్ప మరేమీ తీసుకోలేదు. ఉప్పు చెమటలో పోతుంటే ఒట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. అది ముదిరితే మెదడు వాస్తుంది. విడిదిలో ఉన్న డాక్టరుగారు చూసి నీళ్లు ఆపించి, ఉప్పు చల్లిన ఉడకబెట్టిన బంగాళదుంపలు తినిపించి రెండు గంటలు కూర్చోబెట్టారు. అతను అక్కడితో ఆగిపోయాడు. చాలా బాధపడ్డాడు. వాళ్ల ఆఫీసులో అందరికీ చెప్పి వచ్చాడట. 38 కిలోమీటర్లు నడిచి ఆగిన మనిషిని ఏ ఆఫీసు అయినా గౌరవించి తీరాలి.

రిజిస్టరు దగ్గర కూర్చున్న అబ్బాయి గురించి చెప్పకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. పందొమ్మిదేళ్లు. సన్నగా, కాస్త పొట్టిగా ఉంటాడు. డిగ్రీ రెండో సంవత్సరం. అతనికి తలసేమియా. ఏడు నెలల వయసు నుంచి రక్తం ఎక్కించుకుంటున్నాడు. మామూలుగా సోమవారం ఎక్కించుకోవాల్సింది, నడక ఉందని డాక్టరును అడిగి ముందే, గురువారం ఎక్కించుకుని వచ్చాడు. "ఎక్కించుకున్న మొదటి వారం నాకు ఒంట్లో పండగలా ఉంటుందక్కా. చివరి వారం మెట్లు ఎక్కితే గుండె దడ. అందుకే ఈ రెండు రోజులు మంచి వారంలో పడేలా చూసుకున్నాను" అన్నాడు. నూరు కిలోమీటర్లు నడవలేడు కాబట్టి, నడిచేవాళ్లందరి లెక్కా తాను రాస్తానని అడిగి మరీ ఆ పని తీసుకున్నాడు. శనివారం రాత్రి పదకొండింటికి ఒక గ్లాసులో నీళ్లు పోసి మాత్ర వేసి, అది కరిగేదాకా చెంచాతో తిప్పి తాగాడు. నేను రోజూ అమ్మే మాత్ర. దాన్ని ఒకరు తాగుతుండగా నేను చూడటం అదే మొదటిసారి.

అతని రిజిస్టరులో ప్రతి నడకరి సంఖ్యకూ ఒక గీత. వచ్చిన సమయం, వెళ్లిన సమయం. ఆగిపోతే ఎర్ర సిరాతో ఎక్కడ ఆగారో, ఏ బండిలో పంపామో. మొదట్లో నేను ఆ పనిని గుమాస్తా పని అనుకున్నాను. రాత్రి మూడింటికి నా అభిప్రాయం మారింది.

జనవరి రాత్రి ఊరి బయట చలి ఎలా ఉంటుందో నగరం మధ్యలో ఉండేవాళ్లకు తెలియదు. హిమాయత్‌సాగర్ మీది నుంచి వచ్చే గాలికి టీ గ్లాసు పట్టుకున్న చేయి తప్ప మిగతా ఒళ్లంతా వణుకుతుంది. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి కట్టిన జంట జలాశయాల్లో ఇది రెండోది. గండిపేట 1920లో, ఇది 1927లో పూర్తయ్యాయి. అంత పెద్ద నీళ్ల పక్కన చీకట్లో నుదుటి దీపాలు ఒక్కొక్కటిగా ఊగుతూ రావడం చూస్తుంటే, దీపాన్ని బట్టి కుంటుతున్నది ఎవరో మాకు ముందే తెలిసిపోయేది. ఒక పక్కకు ఎక్కువ ఊగితే ఒక కాలు నొప్పి. మేం పీటలు సర్ది ఉంచేవాళ్లం.

88వ కిలోమీటరు దగ్గర పాదాలను నేను గుర్తుపట్టాను. ముఖాలను కాదు. నేనంటించిన టేపులు అలాగే ఉన్నవి కొన్ని, చుట్టుకుపోయి లోపల కొత్త పొక్కు లేపినవి కొన్ని. మడమ అంతా ఒకే పొక్కు అయిన కాలు చూశాను. చిటికెన వేలు గోరు కదులుతున్న కాలు చూశాను. పొక్కును మేం పొడవకూడదు. మరీ పెద్దదై నడవలేకపోతే నర్సమ్మ శుభ్రమైన సూదితో అంచున చిన్న రంధ్రం చేసి నీరు వత్తేసి, పై చర్మాన్ని మాత్రం కప్పులా అలాగే ఉంచేవారు. ఆ చర్మమే కట్టు. దాన్ని చింపేస్తే లోపలి పచ్చి మాంసం మీద నడవాలి.

మూడు గంటల ఐదు నిమిషాలకు ఒక జట్టులో ముగ్గురు వచ్చారు. "నాలుగోవాడు వెనకే వస్తున్నాడు, పది నిమిషాలు" అన్నారు. ముగ్గురూ చాప మీద పడి నిద్రపోయారు. నేను వేరేవాళ్ల కాళ్ల మీద పనిలో ఉన్నాను. మూడు యాభైకి రిజిస్టరు అబ్బాయి నా భుజం తట్టి, "అక్కా, 47 ఇంకా రాలేదు. 76వ కిలోమీటరు విడిదిలో 11:50కి బయల్దేరినట్టు రాసి ఉంది" అన్నాడు. నలభై ఐదు నిమిషాలు గడిచాయి. ఆ నలభై ఐదు నిమిషాలు నేనెందుకు అడగలేదని ఇప్పటికీ నన్ను నేను నిలదీసుకుంటున్నాను. ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఇద్దరు వాలంటీర్లు మోటారు సైకిళ్ల మీద దారి వెంట వెనక్కి వెళ్లారు. డాక్టరుగారు అంబులెన్సు డ్రైవరును లేపారు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. పక్కనే నీళ్లున్నాయన్న సంగతి తప్ప నా తలలో ఇంకేమీ లేదు.

నాలుగు ముప్పై ఐదుకు ఫోను వచ్చింది. రెండు కిలోమీటర్ల అవతల బస్ షెల్టరులో, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని నిద్రపోతున్నాడు. లేసు కట్టుకుందామని కూర్చున్నాడట. తర్వాత ఏమీ గుర్తులేదు. దీపం బ్యాటరీ అయిపోతే ఫోను వెలుగులో నడిచాడు, అదీ అయిపోయింది. చలికి పెదాలు నీలంగా ఉన్నాయి. రెండు దుప్పట్లు కప్పి, వేడి పాలు తాగించి, పెరుగన్నం తినిపించేదాకా అతని చేతుల వణుకు తగ్గలేదు.

ఆ ముగ్గురినీ లేపాను. గొంతు పెంచాను కూడా. "నలుగురు బయల్దేరి ముగ్గురు రావడమేమిటి? చీకట్లో మనిషిని వదిలి వస్తారా?" అన్నాను. వాళ్లు తలలు దించుకున్నారు. వాళ్ల పాదాలూ నేను చూశాను, వాళ్లు దుర్మార్గులు కాదు. డెబ్బై, ఎనభై కిలోమీటర్ల తర్వాత మనిషికి తన తర్వాతి అడుగు తప్ప వేరే ఏదీ కనబడదు. అందుకే ఆ నియమం ఉంది. బుర్ర పనిచేయని వేళ బుర్రకు బదులు పనిచేయడానికే నియమం. నా మాటల్లో కోపం ఎక్కువైందేమో కానీ, అనాల్సిన మాటే అన్నానని నేనిప్పటికీ అనుకుంటున్నాను. ఆ తర్వాత రిజిస్టరు అబ్బాయి, ఏ జట్టులోనైనా నలుగురూ కళ్ల ముందు నిలబడితే తప్ప, సమయం రాయలేదు. ఒకరు వెనకుంటే మిగతావాళ్లను అక్కడే నిలబెట్టి ఫోను చేయించాడు. నేను వాళ్లను చాప మీదికి పోనిద్దామంటే కూడా వినలేదు.

47వ సంఖ్య కుర్రాడు డాక్టరుగారు సరే అన్న తర్వాత ఆరున్నరకు, తెల్లవారుతుండగా, మళ్లీ బయల్దేరాడు. ఈసారి మిగతా ముగ్గురూ అతని వెనక నడిచారు.

ఆదివారం పొద్దున ఊరివాళ్లు మేలుకున్నారు. స్కూలు పక్కింటి పెద్దామె రాత్రంతా మా వెలుగులు చూసి, ఉదయమే ఒక బిందెడు మజ్జిగ చేసి పంపింది, కరివేపాకు, అల్లం దంచి వేసి. ఎందుకు నడుస్తున్నారని అడిగితే పిల్లల జబ్బు సంగతి చెప్పాను. ఆ జబ్బు ఎలా వస్తుందని అడిగింది. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు అనీ, పెళ్లికి ముందో కడుపుతో ఉన్న తొలి రోజుల్లోనో ఒక రక్తపరీక్ష చేయించుకుంటే తెలిసిపోతుందనీ, వాళ్లిద్దరికీ పైకి ఏ జబ్బూ ఉండదనీ చెప్పాను. ఆమె మనవరాలి పెళ్లి వచ్చే నెలలో ఉందట. పరీక్ష పేరు కాగితం మీద రాసిమ్మంది. హెచ్‌బీఏ2 అని తెలుగులో రాసిచ్చాను. చెంగున ముడి వేసుకుంది. ఆ రెండు రోజుల్లో నేను చేసిన పనుల్లో అన్నింటికన్నా ఎక్కువకాలం పనికొచ్చేది ఆ చీటీయేమో.

విడిది మూసే సమయం మధ్యాహ్నం మూడు. రెండింటికల్లా చాపలు చుట్టేశారు, టీ డ్రమ్ము కడిగేశారు. ఇంకా ఒక జట్టు రావాలి. కూకట్‌పల్లిలో ఒక పార్కులో రోజూ పొద్దున నడిచే నలుగురు స్త్రీలు, అందరూ యాభై దాటినవాళ్లే. శనివారం కూడా అందరికన్నా చివర వచ్చింది వాళ్లే. వస్తూ మాకోసం డబ్బాలో సున్నుండలు తెచ్చారు. నడిచేవాళ్లు సేవ చేసేవాళ్లకు తిండి మోసుకురావడం నేనెక్కడా వినలేదు. కొందరు యువ వాలంటీర్లు, వాళ్లను బండిలో తీసుకొచ్చేద్దామా అన్నారు. నేను ఒప్పుకోలేదు. గడువుంది, వాళ్లు నడుస్తున్నారు, మనం ఉంటాం. టీ డ్రమ్ము మళ్లీ పొయ్యి మీద పెట్టించాను.

రెండు నలభైకి వచ్చారు. నలుగురూ, చేతులు పట్టుకుని. బూట్లు విప్పితే ఆశ్చర్యపోయాను. పాత బూట్లు, రెండేసి మేజోళ్లు, ప్రతి గంటా ఆగి ఆరబెట్టుకున్నారట. అంతమందిలోనూ అన్నింటికన్నా బాగున్న పాదాలు వాళ్లవే. ఒక్కామెకు మాత్రం మోకాలు వాచింది. "చిలుకూరులో 108 ప్రదక్షిణలు చేసేటప్పుడు కార్డు మీద గళ్లు కొట్టుకుంటూ పోతాం కదమ్మా, ఇదీ అలాగే. ఎన్ని మిగిలాయో చూడం" అంది. మిగతా ముగ్గురిలో ఒకామె ఆమెకు సొంత తోడికోడలు. "అక్కా, కూర్చోకు, కూర్చుంటే లేవలేవు" అంటూ ఆమెను నిలబెట్టే టీ తాగించింది. మూడింటికి రెండు నిమిషాల ముందు వాళ్లు గేటు దాటారు. ముందు ఇంకా పన్నెండు కిలోమీటర్లు, చేతిలో ఆరు గంటలు.

రిజిస్టరు అబ్బాయి ఇంకా పుస్తకం మూయలేదు. ఒక తెల్ల కాగితం తీసి లెక్క మొదలుపెట్టాడు. మా దాకా రాకుండానే ఆగినవాళ్లు 2. మొదటి చుట్టులో మా దగ్గర ఆగినవాళ్లు 4. గండిపేటలో 50 దగ్గర ఆగినవాళ్లు 3. రెండో చుట్టు దారిలో ఆగి బండి ఎక్కినవాళ్లు 8. నిన్న రాత్రి మా దగ్గర ఆగినవాళ్లు 2. మా గేటు దాటి గండిపేట వైపు వెళ్లినవాళ్లు 49. ప్రతి ఎర్ర గీత దగ్గరా బండి నంబరు ఉందో లేదో వేలు పెట్టి చూసుకున్నాడు. ఒకదాని దగ్గర లేకపోతే ఆ విడిదికి ఫోను చేసి, ఆ మనిషి ఇల్లు చేరాడని చెప్పేదాకా ఆగి, అప్పుడు రాశాడు.

కూడాడు. నన్ను కూడా కూడమన్నాడు. ఇద్దరికీ 68 వచ్చింది.